ఎఫ్ దగ్గర ఆగిన వేలు

తన ఇంటి గుమ్మం కూడా తొక్కని నలుగురు పిల్లలు తన కూతురి చేతులతో పియానో వాయిస్తున్నారని హెప్సిబాకి శనివారం ఉదయం పదకొండింటికి తెలిసింది.

మొదటి పిల్లవాడు వాయించినప్పుడు ఏదో కలిసొచ్చిందిలే అనుకుంది. రెండో పిల్లకి చెవులు రిక్కించింది. మూడోవాడికి పెన్ను పక్కన పెట్టేసింది. నాలుగో పిల్ల, పదకొండేళ్ళ తన్విక, ఆరో వరసకి వచ్చి, ఎఫ్ కీని రవ్వంత ముందుగా నొక్కి, ఒక ఊపిరి పాటు వేలు అక్కడే ఉంచి అప్పుడు లేపేసరికి ఆవిడ మార్కుల కాగితం బోర్లించేసింది.

సికింద్రాబాద్ స్కూళ్ళ పియానో పోటీకి హెప్సిబా పదిహేడేళ్ళుగా జడ్జి. పిల్లలు చేసే తప్పులన్నీ ఆవిడకి తెలుసు. ఇది తప్పు కాదు. ఇది ఒక మనిషి అలవాటు.

లాలాగూడలో హెప్సిబా వాళ్ళింట్లో ఉన్న పాత పియానోలో ఆ ఒక్క ఎఫ్ కీ వానాకాలం రాగానే ఉబ్బి బిగుసుకునేది. భర్త దేవదానం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవు రోజుల్లో ఊళ్ళో చర్చి పియానోలకి శ్రుతి చేసేవాడు. ఏటా ఆ కీని ఊడదీసి ఆకురాయి పట్టి మళ్ళీ బిగించేవాడు. రెండేళ్ళ కిందట మాత్రం, "ఈసారి వానలు తగ్గాక చూద్దాంలే" అన్నాడు. వానలు తగ్గకముందే గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత పియానో మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు కూతురు కెజియా. "డాడీ చూస్తానన్నారు కదా మమ్మీ" అనేది. కీ బాగుపడలేదు, ఎండాకాలంలోనూ అలాగే బిగుసుకుపోయింది. కెజియా వేళ్ళే దానికి అలవాటు పడ్డాయి. కాస్త ముందుగా నొక్కాలి, మోగేదాకా ఆగాలి. ఆ ఆగడంలోకి ఎప్పుడు వచ్చి చేరిందో ఒక దిగులు వచ్చి చేరింది. ఏ పాట వాయించినా ఆ చోటికి వచ్చేసరికి విన్నవాళ్ళు గొంతు సవరించుకునేవారు.

ఈ హాల్లో ఉన్న పియానో కొత్తది. ఇందులో ఏ కీ బిగుసుకోదు.

విరామంలో హెప్సిబా తన్వికని వరండాలో పట్టుకుంది. పిల్ల సమోసా తింటోంది.

"చాలా బాగా వాయించావమ్మా. ఆరో వరసలో ఎఫ్ దగ్గర ఆగావు. ఎవరు చెప్పారు ఆగమని?"

"ఎవరూ చెప్పలేదు ఆంటీ. అక్కడికొస్తే ఆ అంకుల్ గుర్తొస్తారు. అందుకని."

"ఏ అంకుల్?"

"తెలీదు. పెద్ద మీసాలుంటాయి. చేతులు మెషీన్ నూనె వాసనొస్తాయి. చెక్కపొడి వాసన కూడా." పిల్ల సమోసా నమలడం ఆపింది. "మా ఇంట్లో అలాంటి అంకుల్ ఎవరూ లేరాంటీ. కానీ గుర్తొస్తే ఏడుపొస్తుంది."

పిల్ల తల్లి నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"మూడు వారాల్లో ఎక్స్‌ప్రెషన్ వచ్చేసింది మేడమ్. అంతకుముందు టైపు కొట్టినట్టు కొట్టేది. స్వరాంకుర్ ల్యాబ్‌లో గ్లోవ్స్ తొడిగి కూర్చోబెట్టారంతే. ఈ నలుగురూ అక్కడి పిల్లలే. డాక్టర్ వల్లభ్ గారని, తెలుసా మీకు?"

తెలియకపోవడమేమిటి? వల్లభ్ చిన్నప్పుడు తన దగ్గర నాలుగేళ్ళు పియానో నేర్చుకున్నాడు. పోయిన వేసవిలో అతనే ఇంటికొచ్చి, పరిశోధన కోసం మంచి చెయ్యి కావాలి టీచర్, కెజియాని మూడు నెలలు పంపండి అని అడిగాడు. పెద్ద ల్యాబ్, పాత శిష్యుడు, పిల్లకి పేరొస్తుంది. అడిగిన మర్నాడే తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చింది హెప్సిబా.

*

ఇంటికొచ్చేసరికి కెజియా పెసరట్టు తింటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట చూడటానికి ఏమీ లేదు. నీళ్ళ డ్రమ్ము, దాని మీద కాకి.

ఎనిమిది నెలలుగా ఇదే వరస. పిల్ల ఏడవదు, నవ్వదు, విసుక్కోదు. పియానో ముందు కూర్చుంటే తప్పు లేకుండా వాయిస్తుంది, బల్ల తుడిచినట్టు. డాక్టరు తండ్రి పోయిన దిగులన్నాడు, మాత్రలు రాశాడు. హెప్సిబా మాత్రం రోజూ తిడుతూనే ఉంది. "శ్రద్ధ ఏదే? పందొమ్మిదేళ్ళొచ్చాయి, మనసు ఎక్కడ పెట్టి వాయిస్తున్నావ్?" అని. ఇప్పుడు ఆ మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి చెంప మీద పడుతున్నాయి.

"కెజియా, స్వరాంకుర్‌లో నీతో ఏం చేయించారు?"

"వాయించమన్నారు."

"అంతేనా?"

"చేతులకి పల్చటి గ్లోవ్స్, నుదుటికి పట్టీ. వల్లభ్ సార్ అద్దం అవతల గదిలో అలాగే పట్టీ కట్టుకుని కూర్చునేవారు. డాడీ గురించి చెబుతూ వాయించమనేవారు. చెబుతుంటే స్క్రీన్ మీద ఒక గీత లేచేది. అబద్ధం చెబితే లేవదు. ఒకరోజు సరదాకి ఏదో సినిమా కథ డాడీదన్నట్టు చెప్పాను. లేవలేదు." కెజియా ఇంకో ముక్క తుంచింది. "ఇరవై మూడో రోజు నిజమే చెప్పాను. డాడీ పోయిన పొద్దున్న సంగతి. అప్పుడు కూడా లేవలేదు. ఇక చాలమ్మా, రేపట్నుంచి రానక్కర్లేదు అన్నారు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాలనిపించలేదు మమ్మీ. ఏదీ అనిపించట్లేదు కదా."

ఆ మాట ఆ పిల్ల చల్లబడిన చట్నీ గురించి చెప్పినట్టు చెప్పింది.

"ఒకసారి వాయించు" అంది హెప్సిబా.

కెజియా చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. రెండు వరసలు వాయించింది. ఎఫ్ వచ్చింది. వేలు అన్ని కీల మీద పడ్డట్టే దాని మీదా పడింది. బిగుసుకున్న కీ కిందికి దిగలేదు, మోగలేదు. పాటలో చిన్న గొయ్యి పడింది. ఇన్నాళ్ళూ అది కీ లోపమే అనుకుంది హెప్సిబా. కెజియా ఆగలేదు. దాని మీద నుంచి దాటుకుని వెళ్ళిపోయింది.

తండ్రి పోయినప్పట్నుంచి ఆ వేలు అక్కడ ఆయన కోసం ఆగుతూ వచ్చింది. దాన్నెవరో ఎత్తుకుపోయారు.

హెప్సిబా లోపలికి వెళ్ళి బీరువా తీసి, దేవదానం ఫోటో ఫ్రేమ్‌లోంచి ఊడదీసి చేతిసంచిలో పెట్టుకుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఒళ్ళు మాత్రం పొయ్యిలా మండుతోంది.

*

శామీర్‌పేట దాటాక కొత్తగా వేసిన రోడ్డు చివర ఉంది స్వరాంకుర్. సోమవారం ఉదయం తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి కింద హాల్లో కుర్చీలు వేస్తున్నారు. పన్నెండింటికి ప్రదర్శన. పోటీలో గెలిచిన నలుగురు పిల్లలు వాయిస్తారు, తల్లిదండ్రులు మాట్లాడతారు, పెట్టుబడి పెట్టేవాళ్ళు వింటారు.

పైన వల్లభ్ గదిలో అతనితో పాటు టెక్నీషియన్ తబస్సుం ఉంది. కెజియాని చూడగానే ఆ అమ్మాయి చేతిలో వైరు జారిపోయింది.

"రండి టీచర్, ఎన్నాళ్ళకి." వల్లభ్ లేచి నిలబడ్డాడు. నలభై దగ్గరపడుతున్నవాడు, చక్కగా దువ్విన తల. "టీ తెప్పించనా?"

"నా పిల్లకి ఏం చేశావ్?"

"కూర్చోండి టీచర్. మేం చేసేది కాపీ మాత్రమే. వాయించేటప్పుడు లోపల కలిగే స్పందన చేతిని ఎలా నడిపిస్తుందో రాసుకుంటాం, ఇంకొక చేతికి నేర్పుతాం. ఫోటో తీస్తే మొహం ఊడిపోతుందా చెప్పండి?"

"మొహం ఊడిపోయే ఫోటో ఇప్పుడే చూస్తున్నాను. ఇదిగో, పక్కనే నిలబడి ఉంది. పలకరించు."

వల్లభ్ కెజియా వైపు చూడలేదు. చూపు పక్కకి తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడంలో అతని కన్ను కిటికీ దగ్గరున్న పియానో మీదికి వెళ్ళింది. హెప్సిబా అటు చూసింది. ఆఫీసు గదుల్లో అలంకారానికి పెట్టుకునే పియానోల మీద దుమ్ముంటుంది, ఫైళ్ళుంటాయి. దీని మూత తెరిచి ఉంది. కీల మధ్యలో చేతులు ఆడినంత మేర నిగనిగలాడుతోంది.

"నువ్వు మళ్ళీ వాయిస్తున్నావా వల్లభా?"

"అప్పుడప్పుడు."

"ఏదీ, వాయించు. నీ చెయ్యి చూసి పాతికేళ్ళవుతోంది. నేను వింటాను."

అతను కాదనవచ్చు. కాదని ఉంటే ఆమె దగ్గర రుజువంటూ ఏదీ ఉండేది కాదు. కానీ టీచర్ వింటానంది. ఆ ఒక్క మాటకి అతని మొహంలో పద్నాలుగేళ్ళ కుర్రాడి ఆశ మెరిసింది. వెళ్ళి కూర్చున్నాడు, వేళ్ళు కీల మీద పెట్టాడు.

హెప్సిబా జీవితంలో అంత బాగా వాయించినవాళ్ళని ఇద్దరినో ముగ్గురినో విని ఉంటుంది. వాళ్ళందరికంటే ఇది మేలు. చిన్న నెమ్మది పాట. అందులో వాన పడుతోంది, చెక్కపొడి రాలుతోంది, ఎవరో ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్తున్నారు. ఎఫ్ వచ్చింది. వేలు రవ్వంత ముందు దిగింది, ఆగింది. వల్లభ్ చెంపల మీద నీళ్ళు జారాయి.

కెజియా కిటికీలోంచి కార్లు చూస్తోంది.

హెప్సిబా వెళ్ళి పియానో మూత దభీమని వేసింది. అతను వేళ్ళు లాక్కోకపోతే నలిగేవి.

"అది నా మొగుడి చావురా. నీ వేళ్ళకి దానితో ఏం పని?"

తబస్సుం గొంతు విప్పింది. "నేను చెప్తా మేడమ్. ఎనిమిది నెలల సంది నిద్ర పడ్తలేదు నాకు."

"తబస్సుం" అన్నాడు వల్లభ్ హెచ్చరికగా.

"ఊకోండి సార్. మేడమ్, కాపీ అని అందరికీ చెప్తాం గానీ మొదటిసారి అది కాపీ కాదు. మెషీన్‌ల నిలవదది. మనిషిలనే నిలుస్తది. ఒకరి నుంచి తీస్తే ఇంకొకరిల పొయ్యాలె. ఈ అక్కది మొత్తం సార్ లోపట ఉన్నది. సార్ నుంచి పిల్లలకి అద్దేది ఉత్త తడి. ఆర్నెల్లల్ల ఆరిపోతది, పిల్లలకేం కాదు."

"తిరిగి పొయ్యచ్చా?"

"పొయ్యచ్చు. పది నిమిషాల పని. కానీ సార్ కూసోవాలె. కూసొని మనసుల ఉన్నది నిజంగ చెప్పాలె. చెప్తుంటే అది పైకొస్తది, వచ్చింది అటు పోతది. బలవంతంగ తీసేది కాదు."

"అర్థం చేసుకోండి టీచర్" అన్నాడు వల్లభ్. గొంతు తగ్గించాడు. "కింద నలుగురు పిల్లలు. రేపు నాలుగు వందల మంది. నాలుగు వేలమంది. చచ్చిన చేతులతో బతుకంతా పియానో ముందు కూర్చునే పిల్లలకి సంగీతం అంటే ఏమిటో తెలుస్తుంది. దానికి ఒక్క మనిషి..."

"ఆ ఒక్క మనిషివి నువ్వే అవ్వు. నీది తీసి పొయ్యి."

"నా దగ్గర ఏముంది టీచర్ తియ్యడానికి?" అన్నాడతను. నవ్వలేదు.

హెప్సిబా సంచిలోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. పెద్ద మీసాలు, వర్క్‌షాపు చొక్కా, జేబులో ఆకురాయి పిడి.

"ఇది తీసుకుని కిందికి వెళ్తున్నాను. నలుగురు పిల్లలకీ చూపిస్తాను, ఈ అంకుల్ ఎవరో చెప్పండమ్మా అంటాను. వాళ్ళు ఏడుస్తారు. ఎవరో తెలియని మనిషి కోసం తమ పిల్లలెందుకు ఏడుస్తున్నారని వాళ్ళ అమ్మానాన్నలు నిన్ను అడుగుతారు. సూటు వేసుకుని వచ్చినవాళ్ళూ అడుగుతారు."

"నేను కూర్చుంటే?"

"అప్పుడూ చూపిస్తాను. ఆ పిల్లల తల్లిదండ్రులకి తెలియాలి. కాకపోతే, తీసుకున్నది తిరిగిచ్చాడని కూడా చెబుతాను. ఆ ముక్క చెప్పించుకోవడం నీ చేతిలో ఉంది. బేరం ఇంతే. నేను టీచర్ని, తప్పుని ఒప్పని మార్కులెయ్యను."

వల్లభ్ ఫోటో వంక చూశాడు. తను ఎన్నడూ కలవని మనిషి. అయినా చూస్తూ ఉండలేకపోయాడు. చేత్తో ఫోటోని బోర్లా తిప్పాడు. కాసేపటికి మళ్ళీ తనే తిరగేశాడు.

"కుర్చీ సిద్ధం చెయ్యి తబస్సుం" అన్నాడు.

*

అద్దం అవతల గదిలో కెజియా పియానో ముందు కూర్చుంది, చేతులకి గ్లోవ్స్, నుదుటికి పట్టీ. ఇవతల కుర్చీలో వల్లభ్. పక్కన స్టూలు లాక్కుని హెప్సిబా. అటు నుంచి పాట వినపడుతోంది. అన్ని స్వరాలూ సరిగ్గా, ఒకదాని వెనక ఒకటి, ఎవరూ లేని ఇంట్లో గడియారంలా.

"చెప్పండి సార్" అంది తబస్సుం.

"విజ్ఞానం కోసం చేశాను. ఈ ప్రయోగం వల్ల ముందు ముందు ఎందరికో..."

"గీత లేస్తలేదు సార్."

"కెజియా పరిస్థితికి నేను చాలా బాధపడుతున్నాను."

"లేస్తలేదు."

"వేళ్ళకి నేర్పుకున్నన్నాళ్ళు నోటికి నేర్పుకోలేదురా నువ్వు" అంది హెప్సిబా. "పిల్లల చేత వాయింపించే ముందు నేనేం చేయిస్తాను? పాట నోటితో పాడిస్తాను. ఊపిరి ఎక్కడ తీస్తారో అక్కడే వేలు లేపమంటాను. నీకూ చెప్పాను. నీ ఊపిరి ఎక్కడుందో అక్కణ్ణుంచి చెప్పు."

వల్లభ్ కళ్ళు మూసుకున్నాడు.

"మీకు గుర్తులేదు టీచర్. క్రిస్మస్ కార్యక్రమానికి రిహార్సల్. నాకు పద్నాలుగు. ఇరవై మంది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. నేను ఒక్క తప్పు లేకుండా వాయించాను. మీరు నా భుజం మీద చెయ్యేసి, 'వేళ్ళు బాగున్నాయి నాయనా, లోపల ఎవరూ లేరు. లెక్కలు చదువుకో' అన్నారు. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు."

స్క్రీన్ మీద గీత కొండ ఎక్కుతున్నట్టు లేచింది. తబస్సుం ఏదో మీట నొక్కింది.

హెప్సిబాకి నిజంగానే గుర్తులేదు. ఆ మాట అలాగే అని ఉంటుందని మాత్రం తెలిసింది. ఎంతమందితో అనలేదు? కోపం తగ్గలేదు, ఇంకొంచెం తన వైపు కూడా తిరిగింది, అంతే.

"అన్నాను. తప్పే. దానికి నా గుమ్మం ముందుకొచ్చి నన్ను తిట్టాల్సింది. నా పిల్ల జోలికి రావడమేంటి? తర్వాత చెప్పు."

"తర్వాత లెక్కలు చదివాను. మీరన్న 'ఎవరో' ఏమిటో కొలిచే యంత్రం కట్టాను. కెజియాని మంచి చెయ్యి అని ఎంచుకున్నానని ఇన్నాళ్ళూ చెబుతున్నాను. అబద్ధం. మీ కూతురు కాబట్టి ఎంచుకున్నాను. మీరు తలాడించి వినే చెయ్యి లోపల ఎలా ఉంటుందో నాకు కావాలనిపించింది. మూడో రోజుకే తెలిసిపోయింది. ఆమె గీత రోజురోజుకీ పొట్టిదవుతోంది, నాది పెరుగుతోంది. తబస్సుం ఆపుదామంది. నేను ఇంకొక్క రోజు అన్నాను. అలా ఇరవై రోజులు అన్నాను. చివరి రోజు వాళ్ళ నాన్న పోయిన పొద్దున్న సంగతి ఆ అమ్మాయి కరెంటు కోత ప్రకటన చదివినట్టు చెప్పింది. అద్దం ఇవతల నేను నోట్లో చేతిగుడ్డ కుక్కుకుని ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు టీచర్. మీ ఆయన కోసం వచ్చింది. ఆ సాయంత్రమే తిరిగిచ్చెయ్యచ్చు, ఈ కుర్చీయే, పది నిమిషాలే. ఇవ్వలేదు. పొద్దున్నే లేచి వాయిస్తే లోపల ఎవరో ఉన్నారు. నలభై ఏళ్ళకి మొదటిసారి ఇంట్లో మనిషి ఉన్నట్టుంది. మీ అమ్మాయి ఎలా ఉందని ఒక్కసారి ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఇచ్చెయ్యాల్సి వస్తుందని చెయ్యలేదు. పొరపాటు కాదు, తెలియక కాదు. తెలిసే తీసుకున్నాను, తెలిసే ఉంచుకున్నాను. కింద వాళ్ళకి ఈ మాటలే చెప్పండి, మార్చకండి... వాయిస్తోంది. అదిగో, ఎఫ్ వస్తోంది. ముందే నొక్కింది. ఆగింది. విన్నారా? సెకనులో మూడో వంతు. ఇందాక అది వింటే నాకు గొంతు పట్టుకుపోయింది. ఇప్పుడు సెకనులో మూడో వంతు, అంతే. ఆ ఫోటోలో ఆయనకి మీసాలున్నాయి. అంతే. మీ అమ్మాయి ఏడుస్తోంది, వెళ్ళండి టీచర్. నా పక్కనెందుకు కూర్చున్నారు? ఇక్కడ ఎవరూ లేరు."